సీఖ్ రోటీ చుట్టూ మేము

మమ్మల్ని మీరు బిర్యానీతో గుర్తుపడతారు. రంజాన్ నెలలో హలీంతో గుర్తుపడతారు. ఈద్ నాడు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగి, "మీ వాళ్ల చేతి రుచే వేరు భాయ్" అంటారు. బాగానే ఉంది. కానీ ఏడాదిలో మిగతా రోజులు మేమేం తింటాం, ఎక్కడ కూర్చుని తింటాం, ఎవరి పక్కన కూర్చుంటాం అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. పండుగనాటి ముస్లిం తెలుగువాళ్లందరికీ తెలుసు. మామూలు రోజు ముస్లిం ఎవరికీ తెలియడు. అత్తరు పూసుకున్నవాడు తెలుసు, చెమట పట్టినవాడు తెలియడు.

అందుకే బిర్యానీని పక్కన పెట్టి మా గల్లీ హోటల్ గురించి చెప్పదలుచుకున్నాం. అందులో పొద్దుగూకినాక నిప్పుల మీద కాల్చి, వేడి వేడి రోటీలో చుట్టి చేతికిచ్చే సీఖ్ గురించి చెప్పదలుచుకున్నాం. మా ఉనికి గురించి అడిగేవాళ్లకు మేము చూపించగల చిరునామాల్లో అదొకటి.

నిజామాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ హోటళ్లను వేరే వర్ణించి చెప్పక్కరలేదు. అహ్మదీ బజార్ వైపు, ఖిల్లా రోడ్డు వైపు, మాలపల్లి, అర్సపల్లి గల్లీల్లో, బస్టాండు రైల్వే స్టేషన్ల చుట్టుపక్కల అవి ఉంటాయి. బోధన్‌లో రాకాసిపేట వైపు, శక్కర్‌నగర్ పోయే దారిలో ఉంటాయి. పొగ పట్టిన గోడలు, అరిగిపోయిన మేజులు, గల్లా పెట్టె పక్కన బిస్కెట్ల సీసాలు. పొద్దున చాయ్, బన్ను, ఆమ్లెట్ పెట్టిన డబల్ రొట్టె. పగటిపూట ఖీమా సమోసా, ఉంటే లుఖ్మీ. మాపటికి ముందు చబూత్రా మీద ఇనుప మంగళం బయటికొస్తుంది. బొగ్గులు రాజుకుంటాయి. అప్పటినుంచి ఆ గల్లీకి దారి అడగక్కరలేదు, వాసనే తీసుకుపోతుంది.

సీఖ్ అంటే ఇనుప ఊచ. మెత్తగా కొట్టిన ఖీమాలో అల్లం వెల్లుల్లి, పచ్చి బొప్పాయి గుజ్జు, పచ్చిమిర్చి, కొత్తిమీర, గరం మసాలా కలిపి నాననిస్తారు. ముదురు మాంసాన్ని మెత్తబరిచేది ఆ పచ్చి బొప్పాయే. నానిన ఖీమాను తడి చేత్తో ఊచ చుట్టూ పట్టించి, నిప్పుల మీద తిప్పుతూ విసనకర్రతో విసురుతారు. కొవ్వు కరిగి బొగ్గుల మీద పడ్డప్పుడు లేచే పొగే దానికి సగం రుచి. కాలినాక రోటీని మడిచి సీఖును పట్టుకుని ఊచను లాగేస్తారు. పైన ఉల్లిగడ్డ చక్రాలు, నిమ్మకాయ పిండి, పుదీనా పచ్చిమిర్చి చట్నీ. పాత అఖ్‌బార్ కాగితంలో చుట్టి ఇస్తారు. నిలబడి తినొచ్చు, నడుస్తూ తినొచ్చు, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు.

ఇంగ్లీషు చదివినవాళ్లు దీన్నే హాట్ సాండ్‌విచ్ అంటారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఒక ప్రభువు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టించుకుని తిన్నాడని ఆ తిండికి ఆయన బిరుదు పేరొచ్చింది. ఆయన కంటే ఎన్నో వందల ఏండ్ల ముందునుంచీ అరబ్బులు, తుర్కులు, ఇరానీలు రొట్టెలో మాంసం చుట్టుకు తింటూనే ఉన్నారు. ప్రభువు తింటే తిండికి పేరొస్తుంది. సిపాయి, ఒంటెలవాడు, హమాలీ తింటే పేరు రాదు. చరిత్ర రాసే తీరే అంత.

ఈ హోటల్ తీరు మాకు ఇరాన్ నుంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి, పుణెల మీదుగా హైదరాబాద్ చేరినవాళ్లు చాయ్‌ఖానాలు తెరిచారు. చాయ్ డికాషన్ వేరే, చిక్కగా మరిగిన పాలు వేరే. రెండూ ప్యాలాలో కలుస్తాయి. అక్కడినుంచి ఆ పద్ధతి జిల్లా పట్నాలకు పాకింది. మా దగ్గర గల్లా మీద కూర్చున్నది చాలావరకు మావాళ్లే, అయినా చాయ్ పేరు మాత్రం ఇరానీ చాయే.

ఆ చాయ్‌లో శక్కర మాది. ఈ మాట గర్వంగానే చెప్తున్నాం. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లు మా జిల్లాకు వచ్చినాక ఇక్కడి పొలాల తీరే మారిపోయింది. ఆ ప్రాజెక్టును కట్టించిన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ని ఇవ్వాళ తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. కాలువ కింద చెరుకు పెరిగింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పారు. ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరొచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని ఒకప్పుడు దానికి పేరు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువల కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి మాల మాదిగలు, గొల్లలు, మున్నూరు కాపులు, మావాళ్లు ఫ్యాక్టరీ పనికెక్కారు. మంజీర అవతలినుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు వచ్చారు.

చలికాలంలో చెరుకు గానుగ మొదలైతే ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచేది. షిఫ్టు సైరన్ కూస్తే ఊరు ఊరంతా కదిలేది. షిఫ్టు దిగినవాడికి కూర్చుని అన్నం తినే ఓపిక ఉండదు, షిఫ్టెక్కేవాడికి టైముండదు. ఇద్దరికీ సరిపోయేది ఒకటే. రోటీలో చుట్టిన వేడి సీఖ్, ఆపైన ఒక చాయ్. లోకంలో ఎక్కడ చూసినా చేతిలో పట్టుకు తినే తిండి కూలివాళ్లతోనే పెరిగింది. 1960ల నుంచి జర్మనీకి కూలికి పోయిన తుర్కులు బెర్లిన్ వీధుల్లో రొట్టెలో దోనర్ కబాబ్ పెట్టి అమ్మారు. ఇవ్వాళ అది జర్మన్ల సొంత తిండి అయిపోయింది. తిండిని సొంతం చేసుకున్నంత తొందరగా వండినవాళ్లను సొంతం చేసుకున్నారా అని అక్కడి తుర్కులు అడుగుతున్నారు. మేము ఇక్కడినుంచి అడిగేదీ అదే.

మా హోటల్ మేజు చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

తెలంగాణ పల్లెల్లో హోటల్ అంటే రెండు గ్లాసుల కాలం చాలా ఏండ్లు నడిచింది. దళితుడికి గ్లాసు వేరే, ఆ గ్లాసు చూరులో వేరే, తాగినాక కడిగి పెట్టాల్సింది కూడా వాడే. పట్నానికి వచ్చి మా హోటల్ మెట్లెక్కినవాడిని ఎవరూ కులం అడగలేదు. అడగకపోవడం మా గొప్పతనమని అనడం లేదు. ఇచ్చేది అదే ప్యాలా, అదే పిరిచ్, కడిగేది అదే పిల్లవాడు. అంతే. కానీ ఆ "అంతే" వెనక ఎంత ఉందో చూరులో గ్లాసు దాచుకున్నవాడికి తెలుసు. పైగా సీఖులో ఉన్నది పెద్దకూర. అది మాకూ వాళ్లకూ కలిసిన రుచి. పుస్తకాలు రాసి, సభలు పెట్టి దళితులూ ముస్లింలూ ఒకటి కావాలని చెప్పేదానికి ఎన్నో ఏండ్ల ముందే మా మేజుల మీద ఆ పని చప్పుడు లేకుండా జరిగింది.

పెద్దకూర తినని మిత్రులూ వచ్చేవాళ్లు. చాయ్ తాగేవాళ్లు. ఆమ్లెట్ డబల్ రొట్టె తినేవాళ్లు. "చాచా, నాకు వేరే పెనం మీద వెయ్యి" అని అడిగితే చాచా వేరే పెనం మీదే వేసేవాడు. కోపం రాలేదు, చిన్నబోలేదు. ఎవరి తిండి వాళ్లది, మేజు ఒక్కటి. లౌకికవాదం గురించి మేము చదువుకున్న పుస్తకాలు తర్వాత వచ్చాయి. ఆ పెనం ముందు.

ఇక మా లోపలి సంగతి. ఈ హోటల్‌ని జన్నత్ చేసి చూపించడానికి మేము కూర్చోలేదు. మాంసం కొట్టి తెచ్చే ఖురేషీ అదే హోటల్‌లో కూర్చున్నా, ఆయన బిడ్డను మా సయ్యదులు, పఠాన్‌లు కోడలిగా తెచ్చుకోవడానికి ముందుకు రాలేదు. దూదేకులవాళ్లకు "మీరు ముస్లింలేనా" అనే మాట మసీదు బయట ఎన్నోసార్లు వినబడింది. ఇస్లాంలో కులం లేదు, నిజమే. ముస్లింలలో ఉంది, అదీ నిజమే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వెనకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఆ జాబితాలో ఖురేషీ ఉన్నాడు, ఫకీర్ ఉన్నాడు, హజామ్ ఉన్నాడు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్ లేరు. అంటే మా చాయ్‌కి పేరిచ్చినవాడు జాబితా బయట ఉన్నాడు, మా సీఖుకు మాంసం ఇచ్చినవాడు లోపల ఉన్నాడు. ఒకే మేజు మీద ఉన్న రెండు వస్తువుల మధ్య ఇంత దూరం ఉందని సర్కారీ కాగితం చెప్పేదాకా మేము పైకి అనలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఈ హోటల్‌లో మా ఆడవాళ్లు లేరు. అమ్మ లేదు, అక్క లేదు, చెల్లె లేదు. సీఖ్ వాళ్లకు అఖ్‌బార్ కాగితంలో చల్లారి ఇంటికి చేరేది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే చేతులు ఎన్ని ఇండ్లను నిలబెట్టాయో మాకు తెలుసు. ఇంటి అరుగు మీద, చాటలో ఆకు కత్తిరించుకుంటూ, జర్దా నింపుకుంటూ వేళ్లు అరగదీసుకున్న తల్లులు వాళ్లు. మొగవాడి జీతం ఆగిన నెల ఆ బీడీల పైసలతోనే పొయ్యి వెలిగింది. 2015 నుంచి తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛను వచ్చింది. కానీ షిఫ్టు దిగి హోటల్ మేజు దగ్గర కాళ్లు చాపి చాయ్ తాగినట్టు వాళ్లకు ఏ షిఫ్టూ దిగలేదు. "ఫ్యామిలీ రూం" అని పరదా కట్టిన మూల ఉన్నా, ఆ పరదా దాకా రావడానికి కూడా పక్కన ఒక మొగమనిషి కావాల్సి వచ్చేది. అందరూ కూర్చున్న మేజు అని మేము చెప్పుకునే ఆ "అందరూ"లో సగం మంది లేరు. హోటల్ ముచ్చట ఆడవాళ్లు రాస్తే వేరే రాస్తారు, రాయాలి కూడా.

తిండితో గుర్తుపట్టడం అన్నాం కదా. అందులో రెండో వైపు ఉంది.

కిరాయికి ఇల్లు అడగబోతే ముందు పేరు అడుగుతారు. పేరు చెప్పినాక, "ఏమనుకోకండి, మా ఇంట్లో వండుకోవడం కుదరదు" అంటారు. మేము ఇల్లు అడిగాం, వాళ్లు మా గిన్నెలోకి తొంగి చూశారు. బడిలో టిఫిన్ డబ్బా మూత తీసేముందు మా పిల్లలు అటూ ఇటూ చూస్తారు. హాస్టల్‌లో, ఆఫీసులో, రైల్లో మాకు వేసే ప్రశ్న ఒక్కటే. "మీరు అది తింటారా?" ఆ "అది" అనే మాటలో పేరు లేదు, అసహ్యం ఉంది. మేకమాంసం తినే ముస్లిం పెద్దమనిషి, పెద్దకూర తినే ముస్లిం వేరే జాతి. ఈ లెక్క మాలోనూ కొందరు నేర్చుకున్నారు. నాలుగు పైసలు సంపాదించినాక "మేము చోటే కా గోష్తే తింటాం" అని అడగకముందే చెప్తారు. బడే కా గోష్త్ అంటే గొంతు తగ్గిస్తారు. పేదవాడికి అందే మాంసం అదొక్కటే అయినప్పుడు, గొంతు తగ్గించడం అంటే పేదవాడిని ఇంకొంచెం దూరం జరపడమే.

చట్టం సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాం. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం వచ్చింది. దాని కింద ఆవును, దూడలను కోయకూడదు. ఎద్దులు, బర్రెల వంటి వాటిని, అవి ఇంక పనికిరావని అధికారి ధృవపత్రం ఇచ్చినాకే కోయవచ్చు. మా హోటళ్లలో సీఖుకు వాడేది బర్రె, దున్నపోతు మాంసమే. అయినా బక్రీద్ దగ్గర పడితే పశువులను తోలుకొచ్చే బండిని రోడ్డు మీద ఆపేది ఎప్పుడూ పోలీసొక్కడే కాదు. కాగితాలు చూసేవాడికంటే మొఖాలు చూసేవాడే ఎక్కువ. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర మొహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద కొట్టి చంపారు. ఆ వార్త వచ్చిన రోజు మా గల్లీలో సీఖులు కాలాయి, కానీ తినేవాళ్లు మాట్లాడలేదు. అంతకు మూడేండ్ల ముందు, 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు మా తిండి మా హక్కు అని పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి. ఆ రోజు వంటకం చుట్టూ నిలబడ్డవాళ్లలో మావాళ్లకంటే దళిత పిల్లలే ముందున్నారు. మా మేజు మీద పుట్టిన దోస్తీ వీధిలోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

తర్వాత బోర్డుల మీదికి వచ్చారు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయాలని ఆదేశించారు. అదే జులై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఏ తిండి దొరుకుతుందో చెప్తే చాలు, యజమాని పేరు రాయమని బలవంతపెట్టొద్దని చెప్పింది. మా జిల్లాకు అది దూరపు ముచ్చటే. కానీ పేరు చదివి మెట్లు దిగిపోయే రోజు వస్తే మా హోటల్ ఏమవుతుందో మాకు తెలుసు. మా హోటళ్ల బోర్డులు మేము ఎప్పుడూ దాచలేదు. ఉర్దూలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. రెండు భాషలు చదివినవాళ్లూ లోపలికి వచ్చారు.

మా జిల్లా ఏ గాయమూ తగలని చోటు కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత మంజీర అవతలి నాందేడ్ జిల్లాలో, ఇంకా బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్‌లలో జరిగిన మారణకాండను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు అందరికీ అందుబాటులో లేదు. రజాకార్లు చేసిన దౌర్జన్యాలు నిజం. వాటి లెక్క వాళ్లెవరితోనూ సంబంధంలేని సాలెవాడి దగ్గర, టాంగావాడి దగ్గర వసూలు చేసిందీ నిజం. ఈ రెండు వాక్యాలనూ ఒక్క ఊపిరిలో చెప్పగలిగిన మిత్రుల కోసం ఇప్పటికీ వెతుక్కుంటున్నాం.

1992 డిసెంబరు 6 తర్వాత మా హోటల్లో రేడియో గొంతు తగ్గింది. 2022 మార్చిలో బోధన్‌లో శివాజీ విగ్రహం విషయమై గొడవై 144 సెక్షన్ పెట్టినప్పుడు షట్టర్లు దిగాయి. అటువంటి ప్రతిసారీ గుర్తుకొచ్చే సంగతి ఒకటుంది. షట్టరు దిగితే నష్టపోయేది హోటల్ యజమాని ఒక్కడే కాదు. మేజు ఖాళీ అవుతుంది. మేజు ఖాళీ అయితే పుకారు నిండుతుంది. పక్క మేజు మీద రోజూ కూర్చునేవాడి గురించి ఎవడన్నా అబద్ధం చెప్తే మనం నమ్మం, "వాడా? నిన్న నాతోనే చాయ్ తాగిండు గదా" అంటాం. కూర్చోనివాడి గురించి ఏం చెప్పినా నమ్ముతాం.

మేజు ఖాళీ కావడానికి గొడవలొక్కటే కారణం కాదు. నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చారు. 51 శాతం ప్రైవేటు సంస్థకు, 49 శాతం సర్కారుకు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి బోధన్, మెట్‌పల్లి, మెదక్ మూడు చోట్లా గేట్లు మూశారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరిపిస్తామనే మాట వినబడుతుంది. సైరన్ మాత్రం వినబడదు. శక్కర్‌నగర్ క్వార్టర్ల గోడల మీద రావిమొక్కలు మొలిచాయి. చెరుకు వేసిన రైతు వరికి, సోయాకు, పసుపుకు మళ్లాడు. షిఫ్టు లేనిచోట షిఫ్టు దిగేవాడు ఉండడు. షిఫ్టు దిగేవాడు లేనిచోట మాదిగ ఎల్లయ్యలూ, మా మస్తాన్‌లూ, క్యాంపు చౌదరులూ ఒకే మేజు దగ్గర కలిసే కారణం ఉండదు. మతసామరస్యం మంచిమాటలతో రాలేదు. ఒకే గేటు, ఒకే సైరన్, ఒకే జీతం రోజు నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ మూతబడ్డప్పుడు యూనియన్ నాయకులు జీతాల లెక్క చెప్పారు, రైతు నాయకులు టన్నుల లెక్క చెప్పారు. ఈ మూడో లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి మేము చెప్తున్నాం.

పని పోయినవాళ్లు, పని దొరకనివాళ్లు గల్ఫ్ దారి పట్టారు. ఆ దారి అంతకు ముందే ఉంది. దుబాయ్, దమ్మామ్, మస్కట్, దోహా. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి పోయినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, రెడ్లూ గౌడ్లూ దళితులూ ఉన్నారు. ఇక్కడ హోటల్‌లో కలిసి కూర్చోవడం తగ్గినవాళ్లు అక్కడ ఒకే లేబర్ క్యాంపులో ఒకే గదిలో పడుకున్నారు. వాళ్లు తిరిగొస్తూ తెచ్చిన వాటిల్లో ఒకటి షవర్మా. నిలువు ఊచకు మాంసం గుచ్చి తిప్పుతూ, అంచులు కోసి రొట్టెలో చుట్టివ్వడం. ఆ మాటకు మూలం తిప్పడం అనే తుర్కీ మాట. ఇవ్వాళ నిజామాబాద్ చౌరస్తాల్లో సీఖు బండి పక్కనే షవర్మా బండి ఉంది. మాంసం కోడిది కాబట్టి ఎవరూ ఎవరినీ "అది తింటావా" అని అడగరు. 2024 అక్టోబరు చివర పచ్చి గుడ్డు మయోనీజ్‌ను తెలంగాణ సర్కారు ఏడాది పాటు నిషేధించినప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది దాని గురించే. ఒక తిండి గురించి మతం ఊసు లేకుండా, శుభ్రం గురించి మాత్రమే మాట్లాడుకోవడం మాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం.

షవర్మా బండి దగ్గర ఇంకొకటి కూడా చూస్తున్నాం. కాలేజీ నుంచి వచ్చే మా ఆడపిల్లలు, కొందరు బురఖాల్లో, కొందరు చున్నీల్లో, పక్కన బొట్టు పెట్టుకున్న స్నేహితురాళ్లతో నిలబడి తింటున్నారు. పరదా మూల లేదు. మొగతోడు లేదు. వాళ్ల అమ్మకు చల్లారి చేరిన రొట్టె వాళ్ల చేతిలో వేడిగా ఉంది. పాత హోటల్ చేయలేని పని ఈ నాలుగు చక్రాల బండి చేసింది. పాతదాని మీద ఎంత ప్రేమున్నా ఈ మాట ఒప్పుకోవాల్సిందే.

మా ఊరి పేరు మార్చాలని కొందరు అడుగుతున్నారు. నిజామాబాద్ వద్దు, ఇందూరు కావాలంటారు. ఇందూరు మాకు పరాయి మాట కాదు. మా తాతలు రెండు పేర్లూ పలికారు. కానీ పేరు తీసేయాలనేవాళ్లను ఒకటి అడుగుతాం. ఎక్కడిదాకా తీసేస్తారు? సమోసా, జిలేబీ, కుర్మా, పులావు, మైదా, తందూరు, ఖీమా, హల్వా. ఇవన్నీ మా నోటినుంచే తెలుగు నోట్లోకి వచ్చినవి. వీటిని తీసేసి ఒక్క రోజు పెండ్లి భోజనం పెట్టి చూడండి.

అన్నిటికంటే శక్కర అనే మాట చూడండి. కోస్తాలో పంచదార అంటారు, మా తెలంగాణలో శక్కర అంటాం. మీలో కొందరు అది తురకం మాట అనుకుంటారు. సంస్కృతంలో శర్కర అని ఉంది. ఆ మాట చెరుకుతో పాటు ఈ నేలనుంచి ఇరాన్ పోయి ఫారసీలో షకర్ అయింది. అరబ్బులకు సుక్కర్ అయింది, వాళ్లనుంచి యూరప్ పోయి ఇంగ్లీషువాడికి షుగర్ అయింది. ఫారసీ, ఉర్దూల మీదుగా మళ్లీ ఇంటికి వచ్చి శక్కర్‌నగర్ అయింది. ఇందులో మీ భాగం ఎంత, మా భాగం ఎంత? కోసి చూపించగలిగినవాళ్లు ఎవరన్నా ఉంటే ముందుకు రావాలి.

మేము కూడా ఆ మాటలాంటివాళ్లమే. ఎక్కడినుంచో దిగినవాళ్లం కాదు. ఈ మాల మాదిగ పల్లెల్లోనుంచి, ఈ సాలె, దూదేకుల ఇండ్లలోనుంచే మాలో చాలామంది కల్మా చదివారు. తెలుగులో ఏడుస్తాం, ఉర్దూలో దువా చేస్తాం, రెండింటిలోనూ తిట్టుకుంటాం. తెలుగు కథలో కాఫీ హోటల్ ఉంది, ఇడ్లీ సాంబారు ఉంది, మిలిటరీ హోటల్ కూడా అక్కడక్కడా ఉంది. మా సీఖు పొగ లేదు. అది రాసుకునే పని మాదే. చదివే పని మీది.

మేము అడుగుతున్నది దయ కాదు. ఈద్ నాడు పిలవమనీ, పిలిస్తే వస్తామనీ చెప్పే మిత్రులకు షుక్రియా. ఈద్ కాని రోజు రండి. మామూలు మంగళవారం, మామూలు సాయంత్రం. పెద్దకూర తినకపోతే తినకండి, చాచా వేరే పెనం పెడతాడు. చాయ్ చెప్పండి. పేరు అడగకుండా పక్కన చోటిస్తాం. మీరూ మీ ఇంటి అరుగు మీద, మీ వీధిలో కిరాయికిచ్చే గదిలో, మీ పిల్లల బడి బెంచీ మీద మాకు పేరు అడగకుండా చోటివ్వండి. ఇంతకు మించి పెద్ద సిద్ధాంతం మా దగ్గర లేదు. ఉన్నదంతా ఒక మేజు, దాని చుట్టూ కుర్చీలు. అవి ఖాళీగా ఉండకూడదన్నదే మా మాట.